మస్టర్ రోల్‌కెక్కని మాట: బైలాడిల్లా గనుల్లో కార్మిక సంఘాల గుర్తింపు సమస్య

ఒక కర్మాగారంలోనో, గనిలోనో నాలుగైదు కార్మిక సంఘాలు ఉన్నప్పుడు యాజమాన్యం ఏ సంఘంతో చర్చలు జరపాలి? ఈ ప్రశ్నకు దేశమంతటికీ వర్తించే చట్టపరమైన సమాధానం స్వాతంత్ర్యం వచ్చిన 78 ఏళ్ళకు గాని లభించలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. మస్టర్ రోల్‌లో నమోదైన కార్మికుల్లో 51 శాతం మంది మద్దతు గల సంఘాన్ని ఏకైక చర్చల సంఘంగా యాజమాన్యం గుర్తించాలని ఈ స్మృతి 14వ సెక్షన్ నిర్దేశిస్తోంది. అంతటి బలం ఏ సంఘానికీ లేనిచోట 20 శాతానికి తగ్గకుండా మద్దతు గల సంఘాలన్నిటితో ఒక చర్చల మండలి ఏర్పడుతుంది.

వినడానికి ఇది సరళంగానే ఉంది. అయితే ఈ శాతాలన్నీ ‘మస్టర్ రోల్’ అనే రెండు మాటల మీద ఆధారపడి ఉన్నాయి. ఆ రోల్ ఎవరిది, అందులో ఎవరి పేర్లు ఉంటాయి, ఎవరివి ఉండవు అన్న విషయం తేలనిదే 51 శాతానికి అర్థం తేలదు. ఈ సంగతిని ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం తేటతెల్లం చేసినంతగా మరే ప్రాంతమూ చేయదేమో!

బస్తర్ గనులు తెలుగువారికి కొత్తవి కావు. దంతెవాడ జిల్లాలోని బైలాడిల్లా కొండలలో ఇనుప ఖనిజాన్ని తవ్వుతున్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్.ఎం.డి.సి.) ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. తవ్విన ఖనిజం కిరండూల్ నుంచి అరకు లోయ మీదుగా కొత్తవలసకు, అక్కడి నుంచి విశాఖ రేవుకు చేరుతుంది. దాదాపు 446 కిలోమీటర్ల ఆ రైలు మార్గాన్ని 1960 దశకంలో ప్రధానంగా ఈ ఖనిజం కోసమే నిర్మించారు. ఎద్దు మూపురాన్ని పోలిన శిఖరాల వల్ల ఆ కొండలకు ఆ పేరు వచ్చింది. కిరండూల్‌లో 14వ నంబరు నిక్షేపం 1968లో, బచేలిలో 5వ నంబరు నిక్షేపం 1977లో ఉత్పత్తి ప్రారంభించాయి. తొలినాళ్ళలో ఖనిజం ఎగుమతి అంతా జపాన్ ఉక్కు కర్మాగారాల కోసమే. 2021-22లో ఎన్.ఎం.డి.సి. మొత్తం ఉత్పత్తి తొలిసారిగా 4 కోట్ల టన్నులు దాటింది. అందులో సింహభాగం ఈ కొండలదే.

ఇక్కడి కార్మిక సంఘాలలో ప్రధానమైనవి రెండు. ఒకటి ఎ.ఐ.టి.యు.సి. అనుబంధంగా పనిచేసే సంయుక్త ఖదాన్ మజ్దూర్ సంఘ్, రెండవది ఐ.ఎన్.టి.యు.సి. అనుబంధంగా ఉన్న మెటల్ మైన్స్ వర్కర్స్ యూనియన్. సంస్థ శాశ్వత ఉద్యోగుల జీతభత్యాలపై ఈ సంఘాలతో యాజమాన్యం దీర్ఘకాలంగా చర్చలు జరుపుతూనే ఉంది. అంతవరకూ బైలాడిల్లాను గుర్తింపు సమస్య లేని గనిగానే భావించవచ్చు. చిక్కల్లా శాశ్వత ఉద్యోగులు కాని వారితోనే వచ్చింది, అదీ ఈనాటిది కాదు.

1978 ఏప్రిల్ 5

గనులు తెరిచిన తొలి దశాబ్దంలో ఖనిజాన్ని యంత్రాలతో తవ్వేవారు కొందరైతే, కాంట్రాక్టర్ల కింద గునపం, సుత్తి, తట్టలతో రాయి కొట్టి తరలించేవారు వేల సంఖ్యలో ఉండేవారు. వారిలో ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు, స్థానిక ఆదివాసులు అధికం. కొండవాలులో వేసుకున్న గుడిసెలే వారి నివాసం. 1970 దశకం ద్వితీయార్ధంలో జపాన్ ఉక్కు పరిశ్రమ మాంద్యంలో చిక్కుకొని ఖనిజం కొనుగోళ్ళు తగ్గించింది. దాని దెబ్బ మొదట తగిలింది ఈ గుడిసెలకే. చేతితో తవ్వే కాంట్రాక్టు పనులు నిలిచిపోయాయి. వేలాది కార్మికులకు ఉద్వాసన నోటీసులు అందాయి.

ఎ.ఐ.టి.యు.సి. సంఘం ఆందోళన చేపట్టింది. ప్రధాన యజమాని అయిన ప్రభుత్వ రంగ సంస్థ, తొలగింపు కాంట్రాక్టరు వ్యవహారమన్నట్లుగా వ్యవహరించగా, తమకు పని ఇచ్చింది గని గనుక గనే జవాబు చెప్పాలన్నది కార్మికుల వాదన. నాయకుల అరెస్టులతో ఉద్రిక్తత పెరిగింది. 1978 ఏప్రిల్ 5న కిరండూల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. కార్మికుల గుడిసెలు అగ్నికి ఆహుతయ్యాయి. అధికారిక లెక్కల ప్రకారం మృతులు సుమారు పది మంది. వాస్తవ సంఖ్య అంతకు ఎన్నో రెట్లని కార్మిక సంఘాలు, పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి.

ఆనాడు దేశంలో సంప్రదింపుల చట్టం లేకపోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 3వ సెక్షన్ కింద 100 మందికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థల్లో ఉభయ పక్షాల ప్రతినిధులతో వర్క్స్ కమిటీ ఏర్పాటు చేయాలని ప్రభుత్వం ఆదేశించవచ్చు. కార్మికుల తొలగింపునకు నోటీసు, పరిహారం ఇవ్వాలన్న నిబంధనలూ అదే చట్టంలో ఉన్నాయి. 1976 నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 43-ఎ అధికరణ యాజమాన్య నిర్వహణలో కార్మికులకు భాగస్వామ్యం కల్పించాలని ఆదేశించి అప్పటికి రెండేళ్ళయినా కాలేదు. ఇన్ని ఉన్నా కిరండూల్ కాంట్రాక్టు కార్మికులు చర్చల బల్ల వద్దకు చేరలేకపోయారు. చట్టం ఏ యజమానిని వారికి చూపిందో ఆ యజమాని చేతిలో నిర్ణయం లేదు. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో వారు తమ యజమాని కారన్నారు.

బస్తర్‌కు ఉత్తరాన, భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఖనిజం అందించే దల్లీ-రాజహరా గనుల్లో అంతకు ఒక ఏడాది ముందే ఇదే వివాదం మరో రూపంలో తలెత్తింది. 1977లో అక్కడి గుర్తింపు పొందిన సంఘాలు యాజమాన్యంతో బోనస్ ఒప్పందం చేసుకున్నాయి. దాని ప్రకారం శాశ్వత కార్మికులకు 308 రూపాయలు, కాంట్రాక్టు కార్మికులకు 70 రూపాయలు! ఒకే కొండపై ఒకే ఖనిజాన్ని తవ్వేవారి మధ్య ఇంతటి తేడాకు తమ పేరిట ఎవరు సంతకం చేశారని కాంట్రాక్టు కార్మికులు నిలదీశారు. పాత సంఘాల నుంచి వేల సంఖ్యలో బయటికి వచ్చి, శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ స్థాపించుకున్నారు. పని లేని రోజులకు భత్యం, వానాకాలానికి ముందు గుడిసెల మరమ్మతుకు డబ్బు అనేవి వారి తొలి కోర్కెలలో ముఖ్యమైనవి. జూన్ 2 రాత్రి నియోగిని అరెస్టు చేయడంతో ఘర్షణ చెలరేగింది. ఆ రాత్రీ, మరునాడూ జరిగిన కాల్పుల్లో 11 మంది మరణించారు.

ఆ సంఘాన్ని ఎవరూ చట్టప్రకారం ‘గుర్తించ’లేదు. అయినా వేలాది కార్మికులు దాని వెంట నడిచాక దానితో చర్చలు జరపక యాజమాన్యానికి తప్పలేదు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు.

నమోదు వేరు, గుర్తింపు వేరు

సామాన్య పాఠకులు తరచు పొరబడే విషయం ఒకటుంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద ఏడుగురు సభ్యులు కలిస్తే సంఘాన్ని నమోదు చేయించుకోవడానికి వీలుండేది. 2001 నాటి సవరణ ఆ నిబంధనను కొంత కఠినతరం చేసింది. కానీ నమోదైన సంఘంతో యాజమాన్యం మాట్లాడాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఈ లోటు తీర్చడానికి 1947లోనే ఒక సవరణ చట్టం ఆమోదం పొందింది. ప్రాతినిధ్యం గల సంఘాన్ని యాజమాన్యం విధిగా గుర్తించాలన్నది దాని సారాంశం. ఆ సవరణను అమలు చేసే ప్రకటన మాత్రం ఏనాడూ వెలువడలేదు. శాసనం పుస్తకానికే పరిమితమై, ఏడు దశాబ్దాలకు పైగా నిద్రపోయింది.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయిన వి.వి. గిరి స్వయంగా రైల్వే కార్మికోద్యమం నుంచి వచ్చినవారు. ప్రభుత్వం, ట్రిబ్యునళ్ళు అడుగడుగునా తలదూర్చే కంటే కార్మికులు, యజమానులు నేరుగా బేరసారాలు సాగించుకోవడమే మేలని ఆయన గట్టిగా నమ్మారు. ఆయన వాదనకు మంత్రివర్గంలో తగిన మద్దతు లభించలేదు. బ్యాంకు ఉద్యోగుల ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినందుకు నిరసనగా 1954లో ఆయన పదవికి రాజీనామా చేశారు. తర్వాత వచ్చిన మార్గం స్వచ్ఛంద నియమావళి. 1958లో భారత కార్మిక మహాసభ ఆమోదించిన క్రమశిక్షణ నియమావళి ప్రకారం ఒక సంస్థలో 15 శాతం కార్మికులు సభ్యులుగా ఉన్న సంఘం గుర్తింపు కోరవచ్చు. ఒకటికి మించి సంఘాలున్నప్పుడు అత్యధిక సభ్యత్వం గలదానికే గుర్తింపు దక్కుతుంది. ఇది నియమావళి మాత్రమే. పాటించకపోతే శిక్ష లేదు. బొంబాయి, మధ్యప్రదేశ్ వంటి రాష్ట్రాలు సొంత చట్టాలు చేసుకున్నాయి. అయితే గనులు కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి కావడంతో, 1960 నాటి మధ్యప్రదేశ్ పారిశ్రామిక సంబంధాల చట్టం బైలాడిల్లా గనుల దాకా రాలేదు.

1969లో గజేంద్రగడ్కర్ అధ్యక్షతన తొలి జాతీయ కార్మిక కమిషన్, 2002లో రవీంద్ర వర్మ అధ్యక్షతన రెండవ కమిషన్ గుర్తింపును చట్టబద్ధం చేయాలనే సిఫారసు చేశాయి. కార్మికుల భాగస్వామ్యంపై 1990లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టరూపం దాల్చలేదు.

గుర్తింపు కోసం సంఘాలు ఇంతగా పెనుగులాడటానికి ప్రతిష్ఠ ఒక్కటే కారణం కాదు. రాజీ అధికారి సమక్షంలో కుదిరిన ఒప్పందం, సంతకం చేసిన సంఘం సభ్యులకే కాక ఆ సంస్థలోని కార్మికులందరికీ, తర్వాత చేరేవారికి సైతం వర్తిస్తుంది. దల్లీ-రాజహరాలో 70 రూపాయల బోనస్ వలె, ఒకరి సంతకం వేలమంది జేబులను శాసిస్తుంది.

మరి వర్క్స్ కమిటీ మాటేమిటి? దానికి సంతకం చేసే అధికారం లేదు. 1960లో నార్త్‌బ్రూక్ జూట్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం స్పష్టం చేసింది. ఆ కంపెనీ మిల్లులో పని విధానం మార్పునకు వర్క్స్ కమిటీలోని కార్మిక ప్రతినిధులు సమ్మతించారు గనుక కార్మికులంతా కట్టుబడాలని యాజమాన్యం వాదించింది. న్యాయస్థానం అంగీకరించలేదు. రోజువారీ చిన్న చిన్న ఘర్షణలను తొలగించడమే కమిటీ పనిగాని, సమష్టి బేరసారాల్లో సంఘం స్థానాన్ని ఆక్రమించడం కాదని తేల్చింది. అభిప్రాయం చెప్పే వేదిక ఒకటి, ఒప్పందం కుదుర్చుకునే సంఘం మరొకటి అన్న విభజనరేఖ అలా స్థిరపడింది.

ఐరోపా అనుభవం

ఈ రెంటి మధ్య పేచీ భారతదేశానికి మాత్రమే పరిమితం కాదు. 1997 ఫిబ్రవరిలో ఫ్రెంచి కార్ల సంస్థ రెనో, బెల్జియంలోని విల్‌వోర్డ్ కర్మాగారాన్ని మూసివేస్తున్నట్లు హఠాత్తుగా ప్రకటించింది. మూడు వేలకు పైగా కార్మికులు ఆ సంగతి తెలుసుకొని నివ్వెరపోయారు. ముందుగా సంప్రదించాలన్న నిబంధనలను సంస్థ ఉల్లంఘించిందని బెల్జియం, ఫ్రాన్సు న్యాయస్థానాలు తప్పుపట్టాయి. అయినా కర్మాగారం ఆ ఏడాదే మూతపడింది. ఈ ఉదంతం కలిగించిన ఆగ్రహం ఫలితంగానే 2002లో ఐరోపా సమాఖ్య ఉద్యోగులకు సమాచారం ఇచ్చి, వారితో సంప్రదించాలన్న సాధారణ ఆదేశాన్ని జారీ చేసింది.

దాన్ని అనుసరించి బ్రిటన్ 2004లో నిబంధనలు రూపొందించింది. 2005 ఏప్రిల్ నుంచి 150 మంది, 2008 నాటికి 50 మంది ఉద్యోగులున్న సంస్థలకు అవి వర్తించాయి. అయితే సంప్రదింపులు వాటంతట అవి మొదలు కావు. ఉద్యోగులలో 10 శాతం మంది రాతపూర్వకంగా కోరితేనే యాజమాన్యం కదలాలి. 2020లో ఈ మెట్టును 2 శాతానికి తగ్గించారు. అక్కడి కార్మిక సంఘాలు ఈ నిబంధనలను చేతులు చాచి ఆహ్వానించకపోవడం గమనార్హం. సంఘాలకు చట్టబద్ధమైన గుర్తింపు పద్ధతి అక్కడ 2000 జూన్‌లోనే అమలులోకి వచ్చింది. ఇప్పుడు సంఘం లేని సంస్థల్లో యాజమాన్యం తనకు అనువైన ఉద్యోగుల మండలిని ఏర్పాటు చేసి, ‘మేము మీతో సంప్రదిస్తూనే ఉన్నాం కదా, సంఘమెందుకు?’ అని అడిగే అవకాశం దొరుకుతుందని వారి భయం.

జర్మనీలో ఆ భయానికి చట్టమే విరుగుడు చూపింది. కర్మాగార మండలి వేరు, కార్మిక సంఘం వేరు. మండలికి పనివేళలు, ఓవర్‌టైము వంటి విషయాల్లో సహనిర్ణయాధికారం ఉంది గాని సమ్మె చేసే హక్కు లేదు. వేతన ఒప్పందాలు సంఘాల సొత్తు. సంఘం ఒప్పందంలోని విషయాలపై మండలి వేరే ఒప్పందం చేసుకోరాదని చట్టం కంచె వేసింది. ఎన్నికైన ప్రతినిధులను సంఘాలను బలహీనపరచడానికి వాడుకోరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1971 నాటి 135వ ఒప్పందం కూడా హెచ్చరించింది. సంఘ స్వేచ్ఛ, సమష్టి బేరసారాల హక్కులకు సంబంధించిన 87, 98 ఒప్పందాలను భారత్ ధ్రువీకరించలేదన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగిన విషయం.

అమ్మేముందు అడగాలా?

ఛత్తీస్‌గఢ్‌కు తిరిగి వస్తే, ఉద్యోగులను సంప్రదించే హక్కు ఎంతవరకు అన్న ప్రశ్నను దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు తెచ్చింది ఆ రాష్ట్రంలోని కోర్బా కార్మికులే. భారత్ అల్యూమినియం కంపెనీ (బాల్కో)లో 51 శాతం వాటాను 2001లో 551.50 కోట్ల రూపాయలకు స్టెరిలైట్ సంస్థకు కేంద్రం విక్రయించింది. మార్చిలో మొదలైన కార్మికుల సమ్మె 67 రోజులు సాగింది. తమ యజమానిని మార్చే ముందు తమ వాదన వినలేదన్న ఉద్యోగుల సంఘం పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2001 డిసెంబరు 10న తోసిపుచ్చింది. పెట్టుబడుల ఉపసంహరణ ఆర్థిక విధానానికి సంబంధించిన నిర్ణయమని, అందులో ఉద్యోగులకు ముందస్తు విచారణ హక్కు లేదని తీర్పు చెప్పింది. కంపెనీని మూసివేసే పిటిషన్ విచారణలో కార్మికులకు తమ వాదన వినిపించే హక్కుందని 1982 డిసెంబరులో ఇదే న్యాయస్థానం చెప్పి ఉంది. సంస్థ చనిపోయేటప్పుడు కార్మికుని మాట వినవచ్చు గాని, చేతులు మారేటప్పుడు వినవలసిన పని లేదన్నట్లుగా తేలింది.

బస్తర్‌కు ఈ తీర్పు నీడ దూరంలో లేదు. జగ్దల్‌పూర్ సమీపంలోని నగర్నార్ వద్ద ఎన్.ఎం.డి.సి. నిర్మించిన 30 లక్షల టన్నుల సామర్థ్యం గల ఉక్కు కర్మాగారాన్ని విడదీసి, వ్యూహాత్మకంగా విక్రయించాలని 2020 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదించింది. అప్పటికి కర్మాగారం ఇంకా ఉత్పత్తి ప్రారంభించనే లేదు! భూములిచ్చినవారు, ఉద్యోగులు, పార్టీలు ఆందోళనకు దిగారు. 2023 అక్టోబరు 3న ప్రధాని నరేంద్ర మోదీ కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే నెలలో జగ్దల్‌పూర్ ఎన్నికల సభలో హోంమంత్రి అమిత్ షా నగర్నార్‌ను ప్రైవేటుకు అప్పగించబోమని హామీ ఇచ్చారు. ఉద్యోగులకు ఆ మాట చర్చల బల్ల వద్ద కాక ఎన్నికల వేదికపై నుంచి వినిపించింది. విశాఖ ఉక్కు ఉద్యోగులకు ఈ అనుభవం కొత్తేమీ కాదు. 2021 జనవరి 27న నూరు శాతం వాటా విక్రయానికి సూత్రప్రాయంగా ఆమోదం లభించిన సంగతి వారికి వార్తల ద్వారానే తెలిసింది.

బైలాడిల్లాలో సంప్రదింపుల హక్కు గల మరో వర్గం కూడా ఉంది. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద అక్కడి గ్రామసభలు. కొండపై 13వ నంబరు నిక్షేపం తవ్వకాన్ని ఎన్.ఎం.డి.సి., ఛత్తీస్‌గఢ్ ఖనిజాభివృద్ధి సంస్థల ఉమ్మడి కంపెనీకి కేటాయించగా, ఆ కంపెనీ తవ్వకం పనిని అదానీ సంస్థకు అప్పగించింది. 2014లో హిరోలి గ్రామసభ ఇందుకు సమ్మతించినట్లు పత్రాలున్నాయి. ఆ సభ జరగనే లేదని, సంతకాలు బూటకమని గ్రామస్థులు ఆరోపించారు. తమ దైవం కొలువైన కొండను కాపాడుకోవాలంటూ 2019 జూన్ 7 నుంచి వేలాది ఆదివాసులు కిరండూల్‌లో ఎన్.ఎం.డి.సి. కార్యాలయం ఎదుట బైఠాయించారు. గని పనులు స్తంభించాయి. కొద్ది రోజుల్లోనే రాష్ట్ర ప్రభుత్వం 13వ నిక్షేపం పనులు నిలిపివేసి, గ్రామసభపై విచారణకు ఆదేశించింది. పత్రంపై ఉన్న సమ్మతిని ఐదేళ్ళ తర్వాత గేటు ముందు కూర్చున్న జనం సవాలు చేశారు. గనిలోని కాంట్రాక్టు కార్మికుడూ, కొండకింది గ్రామస్థుడూ తరచు ఒకే ఇంటివారన్నది మరువరానిది.

సింగరేణి బ్యాలెట్

మద్దతు లెక్కించడంలో ఇంతకాలం రెండు పద్ధతులు పోటీ పడ్డాయి. జీతం నుంచి సంఘ చందాను మినహాయించే చెకాఫ్ పద్ధతి ఒకటి, రహస్య బ్యాలెట్ రెండవది. చెకాఫ్‌లో ఎవరు ఏ సంఘమో యాజమాన్యానికి తెలిసిపోతుంది. ఆహార సంస్థ ఉద్యోగుల కేసులో 1995లో సుప్రీంకోర్టు రహస్య బ్యాలెట్ నిర్వహణకు మార్గదర్శకాలు ఇచ్చింది. తెలుగునాట ఇందుకు పెద్ద ఉదాహరణ సింగరేణి. డజన్ల కొద్దీ సంఘాలు, అడపాదడపా సమ్మెలతో సతమతమైన ఆ బొగ్గు గనుల్లో 1998 నుంచి గుర్తింపు ఎన్నికలు జరుగుతున్నాయి. 2012, 2017లలో తెలంగాణ బొగ్గు గని కార్మిక సంఘం గెలవగా, 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఎ.ఐ.టి.యు.సి. సంస్థ మొత్తం మీద గుర్తింపు సాధించింది. అయితే 11 ఏరియాల్లో 6 ఏరియాల్లో ప్రాతినిధ్యం ఐ.ఎన్.టి.యు.సి.కి దక్కడం విశేషం. దాదాపు 40 వేల మంది ఓటర్లు. వీరంతా సంస్థ శాశ్వత ఉద్యోగులు. అదే గనుల్లో పనిచేసే వేలాది కాంట్రాక్టు కార్మికులకు ఆ పెట్టె దగ్గర చోటు లేదు. వేతనాల కోసం 2022 సెప్టెంబరులో వారు సమ్మెకు దిగవలసి వచ్చింది.

కొత్త స్మృతి ఈ పరిస్థితిని ఎంతవరకు మారుస్తుంది? గుర్తింపు ఇక యాజమాన్యం దయాధర్మం కాదు, చట్టపరమైన బాధ్యత. ఇది చిన్న మార్పు కాదు. ఏడు దశాబ్దాలుగా కార్మికోద్యమం అడుగుతున్నది ఇదే. వర్క్స్ కమిటీలను స్మృతి 3వ సెక్షన్ కొనసాగించింది. 20 మంది కార్మికులున్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని, అందులో మహిళలకు తగిన ప్రాతినిధ్యం కల్పించాలని 4వ సెక్షన్ నిర్దేశించింది. మరోవైపు, సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి అయింది. తొలగింపులకు, మూసివేతకు ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమైన సంస్థల పరిమితి 100 నుంచి 300 మంది కార్మికులకు పెరిగింది. సంప్రదింపుల వేదికలు పెరిగి, ఒత్తిడి తెచ్చే సాధనాలు తగ్గాయని కేంద్ర కార్మిక సంఘాలు విమర్శిస్తున్నాయి. సంఘాల మధ్య అనైక్యతకు, పరిశ్రమల అనిశ్చితికి ఇది పరిష్కారమని ప్రభుత్వం చెబుతోంది.

51 శాతం నిబంధన చిన్న సంఘాలకు గొడ్డలిపెట్టు అన్న వాదనలో కొంత అతిశయోక్తి ఉంది. మండలి ఏర్పడినచోట 20 శాతం గల సంఘానికీ స్థానం దక్కుతుంది. బైలాడిల్లాలో ఇద్దరు పాత ప్రత్యర్థులు ఒకే బల్లపై కూర్చోవలసి వస్తే అది అక్కడి కార్మికులకు మేలే చేయవచ్చు. అయితే 19 శాతం మద్దతు గలవారి గతి ఏమిటన్న ప్రశ్నకు స్మృతిలో జవాబు లేదు.

అంతకంటే బరువైన చిక్కు కాంట్రాక్టు కార్మికులది. ‘యజమాని’ నిర్వచనంలో స్మృతి కాంట్రాక్టరును కూడా చేర్చింది. దాంతో కాంట్రాక్టు కార్మికులకు సంఘం పెట్టుకొని గుర్తింపు కోరే దారి తెరుచుకుంది. ఎవరి నుంచి? మస్టర్ రోల్ ఎవరి దగ్గర ఉందో ఆ కాంట్రాక్టరు నుంచి. వారి ఓట్లు గని శాశ్వత ఉద్యోగుల 51 శాతంలో కలవవు. వారి వేతనాన్ని నిర్ణయించే టెండరు షరతులను రాసే ప్రధాన సంస్థ వారి చర్చల బల్ల వద్ద ఉండదు. 1978లో కిరండూల్ కార్మికులు ఎదుర్కొన్న ప్రశ్నే ఇది.

కాలం లెక్క కూడా వారికి వ్యతిరేకంగానే ఉంది. చర్చల సంఘానికిచ్చిన గుర్తింపు మూడేళ్ళు, ఉభయుల అంగీకారంతో ఐదేళ్ళ వరకు చెల్లుతుందని స్మృతి చెబుతోంది. కాంట్రాక్టు గడువు అంతకు ముందే తీరిపోతే కొత్త కాంట్రాక్టరు వస్తాడు, కొత్త మస్టర్ రోల్ తెరుస్తాడు. అదే కొండపై, అదే మనుషులు, అదే పని చేస్తున్నా 51 శాతం లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టవలసి ఉంటుంది.